ఫ్రెడరిక్ లాంచెస్టర్

ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (1868 అక్టోబరు 23 - 1946 మార్చి 8) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ ఇంజనీరు, మోటారు కార్ల రూపకర్త, విమానగమన శాస్త్రవేత్త. బ్రిటనులో మోటారు కార్ల పరిశ్రమకు పునాది వేసిన వారిలో ఈయన ముఖ్యుడు. విమానపు రెక్క గాలిలో ఏ విధంగా నిలుస్తుందో వివరించే సిద్ధాంతానికి ఆద్యులలో ఒకడు. యుద్ధంలో బలాబలాలను గణితంతో అంచనా వేసే లాంచెస్టర్ సూత్రాల కర్త కూడా ఈయనే. అయితే సామాన్యుడు ప్రతిదినం వాడుకుంటూ కర్త పేరు ఎరుగని ఆవిష్కరణ ఒకటి ఈయన ఖాతాలో ఉన్నది. అది క్యాలిపర్‌తో పనిచేసే డిస్కు బ్రేకు. దీనికి లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందాడు. కార్లలో అది స్థిరపడటానికి మరి అర్ధ శతాబ్దం పట్టింది. అప్పటికి ఆయన జీవించి లేడు.

బాల్యము, కుటుంబము

లాంచెస్టర్ లండను నగరంలోని లూయిషామ్‌లో జన్మించాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ వాస్తుశిల్పి. తల్లి ఆక్టేవియా గణితము, లాటిను బోధించేది. ఎనిమిది మంది సంతానంలో ఈయన నాలుగవవాడు. శైశవంలోనే కుటుంబం సముద్రతీరాన ఉన్న బ్రైటన్ ప్రాంతానికి తరలిపోయింది.

తోబుట్టువులు కూడా సామాన్యులు కారు. అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ తండ్రి వృత్తిని చేపట్టి పేరుగాంచిన వాస్తుశిల్పి అయ్యాడు. జోధ్‌పూర్‌లోని ఉమైద్ భవన్ ప్రాసాదానికి రూపకల్పన చేసినది ఈయనే. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టణ ప్రణాళికకు సలహాదారుగా కూడా పనిచేసి, 1918లో ఆ విషయమై ఒక గ్రంథం ప్రచురించాడు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాలు నాడు ఆ ప్రెసిడెన్సీలోనివే కనుక తెలుగువారికి ఈ కుటుంబంతో ఆ మేరకు సంబంధం ఉన్నది. చెల్లెలు ఈడిత్ సామ్యవాది. వివాహం లేకుండా సహజీవనం చేయ నిశ్చయించినందుకు 1895లో ఆమెను కుటుంబసభ్యులే బలవంతంగా పిచ్చాసుపత్రిలో చేర్పించగా దేశమంతటా సంచలనం రేగింది. కొద్ది దినాలకే ఆమె విడుదలయింది. ఆమె కుమార్తె ఎల్సా లాంచెస్టర్ తరువాతి కాలంలో హాలీవుడ్ నటిగా ప్రసిద్ధి పొందింది. తమ్ములలో జార్జి, ఫ్రాంక్ అనేవారు ఫ్రెడరిక్‌కు కార్ల వ్యాపారంలో తోడుగా నిలిచారు.

విద్యాభ్యాసము

సౌతాంప్టన్ లోని హార్ట్‌లీ విద్యాసంస్థలో కొంతకాలం చదివిన తరువాత విద్యార్థి వేతనంపై లండనులోని విజ్ఞానశాస్త్ర కళాశాలలో చేరాడు. అక్కడ ఇంజనీరింగు బోధన తగినంత లేదని భావించి, సాయంకాలాలలో ఫిన్స్‌బరీ సాంకేతిక పాఠశాలకు వెళ్ళేవాడు. ఏ పట్టా పుచ్చుకోకుండానే చదువు ముగించాడు. 1888లో వారానికి మూడు పౌండ్ల జీతంపై పేటెంట్ల కార్యాలయంలో చిత్తుపటాలు గీసే ఉద్యోగం దొరికింది. తన తొలి పేటెంటు కూడా ఇంచుమించు ఈ కాలంలోనే, అటువంటి పటాలు గీయడానికి పనికివచ్చే ఒక పరికరానికే తీసుకున్నాడు.

గ్యాసు ఇంజన్ల కర్మాగారము

1889లో బర్మింగ్‌హామ్ నగరం సాల్ట్‌లీలో ఉన్న ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో సహాయ మేనేజరుగా చేరాడు. జీతం వారానికి ఒక్క పౌండు, అనగా మునుపటి దానిలో మూడవ వంతు. ఉద్యోగి చేసే మెరుగుదలలు అన్నీ కంపెనీకే చెందుతాయని ఒప్పంద పత్రంలో ఒక షరతు ఉండగా, సంతకం చేసే ముందు దానిని కొట్టివేసిన పిదపనే సంతకం చేశాడు. ఇరవై ఏళ్ళ యువకునికి ఇది సాహసమే. కాని ఫలించింది. ఇంజను వేగాన్ని అదుపు చేసే లోలక నియంత్రకాన్ని రూపొందించి, అది అమర్చిన ప్రతి ఇంజనుకు పది షిల్లింగుల చొప్పున కంపెనీ నుండే రుసుము పొందాడు. తరువాత గ్యాసు ఇంజను తనంతట తాను ప్రారంభమయ్యే సాధనాన్ని కనిపెట్టి, దాని హక్కులను క్రాస్లీ సంస్థకు 800 పౌండ్లకు విక్రయించాడు. ఆ సొమ్ము ఆయనకు ప్రయోగాలు చేసుకునే స్వేచ్ఛనిచ్చింది. ఫార్వర్డ్ కంపెనీలో తన స్థానం తమ్ముడు జార్జికి అప్పగించి, పక్కనే చిన్న కార్ఖానా పెట్టుకున్నాడు. 1894లో పెట్రోలు ఇంజనుతో నడిచే పడవను తయారుచేసి ఆక్స్‌ఫర్డ్ వద్ద నదిలో దింపాడు.

తొలి కారు

లాంచెస్టర్ తన మొదటి కారును 1895లో నిర్మించి 1896 ఆరంభంలో రోడ్డుపైకి తెచ్చాడు. పూర్తిగా బ్రిటనులోనే ఊహించి నిర్మించిన తొలి నాలుగు చక్రాల పెట్రోలు కార్లలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. నాటి చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి ఊరి వెలుపల గంటకు నాలుగు మైళ్ళు, ఊరిలో రెండు మైళ్ళు మించి పోరాదు. మనిషి నడకతో సమానమైన వేగానికి బ్రేకుల చర్చే అనవసరం. 1896 నవంబరులో కొత్త చట్టం వచ్చి గరిష్ఠ వేగం పద్నాలుగు మైళ్ళకు పెరిగింది. కార్లకు బ్రేకులు ఒక సమస్యగా పరిణమించింది ఆ తరువాతనే.

మొదటి కారులోని ఒంటి సిలిండరు ఇంజను బలం చాలలేదు. దాని స్థానంలో రెండు సిలిండర్ల ఇంజను ప్రవేశపెట్టాడు. ఇందులో రెండు క్రాంక్ షాఫ్టులు ఒకదానికొకటి ఎదురు దిశలలో తిరుగుతూ పరస్పరం కంపనాన్ని రద్దు చేస్తాయి. గుర్రపు బండికి ఇంజను తగిలించినట్లు కాక, కారును కారుగానే మొదటి నుండి ఆలోచించడం లాంచెస్టర్ ప్రత్యేకత. 1899లో రిచ్‌మండ్ ప్రదర్శనలో ఆయన కారుకు బంగారు పతకం లభించింది. అదే సంవత్సరం డిసెంబరులో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది. కర్మాగారం బర్మింగ్‌హామ్‌లోని స్పార్క్‌బ్రూక్‌లో నెలకొల్పారు. బొంబాయిలో జన్మించిన ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ తొలి కొనుగోలుదారులలో ఒకడు.

ఒకదాని భాగము మరొకదానికి

ఆ రోజులలో కారు తయారీ అనగా కమ్మరి పనికి, వడ్రంగి పనికి మధ్యస్థమైనది. ప్రతి భాగాన్ని పనివాడు ఆకురాయితో అరగదీసి ఆ ఒక్క కారుకు సరిపోయేటట్లు కూర్చేవాడు. ఒక కారు నుండి తీసిన భాగం అదే కంపెనీ, అదే మోడలుకు చెందిన మరొక కారుకు పట్టకపోవడం సర్వసాధారణం. లాంచెస్టర్ ఈ పద్ధతిని అంగీకరించలేదు. ప్రతి కొలతకు గరిష్ఠ, కనిష్ఠ హద్దులు నిర్ణయించి, ఆ హద్దులను పరీక్షించే గేజీలు చేయించి, వాటిలో ఇమడని భాగాన్ని తిరస్కరించే ఏర్పాటు చేశాడు. మరల మరలకు సరిపోయేలా తన కర్మాగారానికి స్వంతంగా చుట్ల ప్రమాణాన్ని కూడా నిర్ణయించుకున్నాడు. కార్ల పైతొడుగులు చేసే బండి వడ్రంగులు ఈ విధంగా పటం ప్రకారం పనిచేయడానికి సమ్మతించకపోగా, ఆ పనిని కూడా తన కర్మాగారంలోనే ప్రారంభించాడు.

ఈ విషయంలో ఖ్యాతి సాధారణంగా అమెరికాకు చెందిన కాడిలాక్ సంస్థకు దక్కుతుంది. 1908లో ఇంగ్లాండులోని బ్రూక్‌లాండ్స్ వద్ద మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా ఊడదీసి, భాగాలను కలగలిపి, తిరిగి మూడు కార్లుగా కూర్చి నడిపించి చూపారు. అది గొప్ప ప్రదర్శనే. కాని బర్మింగ్‌హామ్‌లో అదే సూత్రం అప్పటికి కొన్ని సంవత్సరాలుగా నిశ్శబ్దంగా అమలులో ఉన్నది. ఈ రోజు ఒక కారు బ్రేకు భాగాన్ని మరొక కారుకు బిగించడం గురించి ఎవరైనా ఆలోచించగలుగుతున్నారంటే, కొలతలు స్థిరంగా ఉండాలన్న ఈ పట్టుదలే అందుకు మూలం.

1902 నాటి బ్రేకు

తొలి కార్లకు బ్రేకులు గుర్రపు బండ్ల నుండి వచ్చాయి. చెక్క లేక తోలు దిమ్మను చక్రపు అంచుకు అదమడం ఒక పద్ధతి. ఇరుసుపై ఉన్న డోలు చుట్టూ పట్టీ బిగించడం మరొక పద్ధతి. చక్రాలకు రబ్బరు టైర్లు రావడంతో మొదటిది పనికిరాకుండా పోయింది. రెండవది దిగుడు దారిలో వేడెక్కి జారిపోయేది.

లాంచెస్టర్ 1902 పేటెంటులో చూపిన ఉపాయం వేరు. వెనుక చక్రంతో పాటు తిరిగేటట్లుగా ఒక పలుచని లోహపు బిళ్ళను దృఢంగా బిగించాలి. బండిని ఆపదలచినప్పుడు ఆ బిళ్ళ అంచును రెండు దవడలు ఇరువైపుల నుండి పట్టి నొక్కాలి. తిరుగుతున్న పళ్ళెం అంచును బొటనవేలితోను, చూపుడు వేలితోను పట్టి ఆపడం వంటిదే ఇది. నేడు ఆ బిళ్ళను డిస్కు అని, దవడలను ఇముడ్చుకున్న దిమ్మను క్యాలిపర్ అని వ్యవహరిస్తున్నాము.

ఇందులోని మెలకువ వేడికి సంబంధించినది. బ్రేకు పని కారు చలనశక్తిని వేడిగా మార్చి గాలిలోకి పంపడమే. వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుండి ఆగితే దాదాపు 386 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకులు భరిస్తాయనుకుని, అక్కడి రెండు డిస్కుల మొత్తం బరువు పది కిలోలనుకుంటే, ఒక్కసారి ఆపడంతోనే వాటి ఉష్ణోగ్రత సుమారు 60 డిగ్రీలు పెరుగుతుంది. వేగం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. డోలు ఆకారపు బ్రేకులో ఈ వేడి లోపల చిక్కుకుంటుంది. డోలు వ్యాకోచించి లోపలి దిమ్మల నుండి దూరంగా జరుగుతుంది. డిస్కు మాత్రం గాలికి తెరచి ఉంటుంది, వేడికి మందమెక్కి ప్యాడ్ల వైపే జరుగుతుంది. నీరు తగిలినా తిరిగే వేగానికి చిమ్మిపోతుంది.

ఎందుకు విఫలమయింది?

ఆలోచన సరైనది, పదార్థము సరైనది కాదు. దవడలకు అతికించడానికి అప్పటికి దొరికిన లోహాలలో లాంచెస్టర్ రాగిని ఎంచుకున్నాడు. నాటి రోడ్లు తారు ఎరుగని దుమ్ము బాటలు. తెరచి ఉన్న డిస్కుపై ఆ దుమ్ము పడి రాగిని ఆకురాయివలె అరగదీసేది. పైగా లోహం లోహంతో రాపిడి పొందడం వలన వెలువడే కీచుమనే ధ్వని భరించరానిదిగా ఉండేది. ధ్వని సమస్యను తరువాత కొన్ని సంవత్సరాలకు హెర్బర్ట్ ఫ్రూడ్ రాతినార అతుకులతో చాలావరకు తీర్చాడు. ఈయనే ఫెరోడో సంస్థ స్థాపకుడు. రాతినార ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నిర్ధారణ అయిన తరువాత బ్రిటనులో 1999లో దాని వాడకం నిషేధింపబడింది. కాని దాదాపు ఒక శతాబ్దం పాటు ప్రపంచంలోని బ్రేకులు దానిపైనే ఆధారపడినవి.

మరొక చిక్కు కూడా ఉన్నది. సాధారణంగా దీనిని ఎవరూ అంతగా పట్టించుకోరు. అదే 1902లో ఫ్రాన్సు దేశస్థుడు లూయీ రెనో డోలు బ్రేకును రూపొందించాడు. డోలు లోపలి దిమ్మ తిరుగుడుతో పాటు తనంతట తానే మరింత బిగుసుకుంటుంది. డ్రైవరు కొద్ది బలంతో నొక్కినా చాలు. డిస్కుకు ఆ సహాయం లేదు. ఎంత నొక్కితే అంతే ఆగుతుంది. కనుక కడ్డీలతో, తీగలతో కాలి బలాన్ని చక్రానికి చేరవేసే ఆ కాలంలో డిస్కు బ్రేకు డ్రైవరుకు భారమే. నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకును మాల్కం లాహెడ్ రూపొందించగా, అది 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో అమర్చబడింది. కాలి బలాన్ని హెచ్చించే వాక్యూం సాధనాలు ఇంకా తరువాత వచ్చినవి. గట్టి ప్యాడు, నూనె ఒత్తిడి, బలాన్ని పెంచే సాధనం అనే మూడూ సమకూరనిదే డిస్కు బ్రేకు రాణించదు. లాంచెస్టర్ వద్ద 1902లో వాటిలో ఒక్కటీ లేదు. ప్రపంచం డోలునే స్వీకరించింది.

కంపెనీ పతనము

ఆర్డర్లు చేతినిండా ఉండగానే పెట్టుబడి చాలక లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ 1904లో దివాలా స్థితికి చేరి, లాంచెస్టర్ మోటార్ కంపెనీ పేరుతో పునర్వ్యవస్థీకరించబడింది. కంపెనీ పాలకవర్గంతో ఫ్రెడరిక్‌కు పొసగలేదు. కొద్ది సంవత్సరాలలో ఆయన ప్రధాన రూపకర్త స్థానం నుండి తప్పుకొనగా తమ్ముడు జార్జి ఆ బాధ్యత స్వీకరించాడు. ఫ్రెడరిక్ 1909లో డైమ్లర్ కంపెనీకి సాంకేతిక సలహాదారయ్యాడు. క్రాంక్ షాఫ్టు మెలికపడే కంపనాన్ని అణచే సాధనం, ఇంజను కుదుపును రద్దు చేసే తులన షాఫ్టులు ఈయన ఇతర ఆవిష్కరణలు. వీటిలో రెండవది కూడా బ్రేకు వంటి కథే. 1970లలో జపానుకు చెందిన మిత్సుబిషి దానిని మెరుగుపరచి తన ఇంజన్లలో వాడగా, అప్పటి నుండి నాలుగు సిలిండర్ల పెద్ద ఇంజన్లలో అది సాధారణమయింది.

లాంచెస్టర్ మోటార్ కంపెనీని 1931లో బి.ఎస్.ఎ. సంస్థ కొనివేసి, తయారీని కోవెంట్రీలోని డైమ్లర్ కర్మాగారానికి తరలించింది.

విమానగమన శాస్త్రము, యుద్ధ గణితము

1890లలోనే లాంచెస్టర్ చిన్న చిన్న గ్లైడర్లను ఎగురవేసి రెక్క చుట్టూ గాలి ప్రవాహాన్ని పరిశీలించాడు. 1894లో బర్మింగ్‌హామ్‌లోని ఒక విజ్ఞాన సంఘంలో తన అభిప్రాయాలను వెల్లడించాడు. 1897లో పంపిన పరిశోధనా పత్రం మాత్రం తిరస్కరించబడింది. రెక్క చుట్టూ గాలి ప్రసరణ ఏర్పడుతుందని, రెక్కల కొసల నుండి సుడులు వెనుకకు సాగుతాయని ఈయన చేసిన ప్రతిపాదన 1907, 1908 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడింది. గణితం క్లిష్టంగానూ, పరిభాష స్వంతంగానూ ఉండటం చేత ఇంగ్లాండులో దానిని చదివినవారు అరుదు. జర్మనీలోని గోటింగెన్‌లో కార్ల్ రూంగే ఆ గ్రంథాన్ని అనువదించాడు. లుడ్విగ్ ప్రాంటల్ అదే దారిలో పరిపూర్ణమైన సిద్ధాంతం నిర్మించగా, నేడు దానిని లాంచెస్టర్-ప్రాంటల్ సిద్ధాంతమని పిలుస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల పాత్రపై వ్యాసాలు వ్రాసి, 1916లో గ్రంథంగా ప్రచురించాడు. దూరం నుండి కాల్చుకునే ఆధునిక యుద్ధంలో సేన బలం దాని సంఖ్య యొక్క వర్గానికి అనులోమంగా ఉంటుందని ఇందులో ప్రతిపాదించాడు. అనగా సంఖ్యలో రెట్టింపు ఉన్న పక్షం బలంలో నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేడి విషయంలో వేగానికి ఉన్న వర్గ సంబంధమే ఇక్కడ సంఖ్యకు ఉండటం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో వికసించిన కార్యకలాప పరిశోధన శాస్త్రానికి ఇది ఒక మూలం.

చివరి సంవత్సరాలు

1919లో డొరోథియా కూపర్‌ను వివాహమాడాడు. వీరికి సంతానం లేదు. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1931లో డేనియల్ గుగ్గెన్‌హైమ్ పతకం, 1945లో జేమ్స్ వాట్ అంతర్జాతీయ పతకం లభించాయి. బర్మింగ్‌హామ్‌లోని మోస్లీలో డయాట్ ఎండ్ అనే ఇంటిలో నివసించాడు. 1925లో స్థాపించిన స్వంత ప్రయోగశాలలో లౌడ్‌స్పీకర్ల వంటి వస్తువులు తయారుచేయించాడు. అనారోగ్యం, ధనాభావం కారణంగా 1934లో దానిని మూసివేయవలసి వచ్చింది. డైమ్లర్‌తో ఒప్పందం అంతకు మునుపే ముగిసిపోయింది. పార్కిన్సన్ వ్యాధి సోకింది. చూపు కూడా క్రమంగా పోయింది. మారుపేరుతో కవితలు కూడా ప్రచురించిన ఈయన వందలాది పేటెంట్ల కర్త అయి ఉండి కూడా ధనవంతుడు కాలేదు. 1946 మార్చి 8న స్వగృహంలో కన్నుమూశాడు.

ఆయన జీవించి ఉండగానే డిస్కు బ్రేకు మరల తల ఎత్తింది గాని, కార్లలో కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలకు, జర్మనీ వారి టైగర్ ట్యాంకుకు డిస్కు బ్రేకులు అమర్చారు. అధిక బరువు, అధిక వేగం ఉన్నచోట డోలు తట్టుకోలేదని యుద్ధం నేర్పింది.

డిస్కు బ్రేకు పునరాగమనము

విమానాల కోసం డన్‌లప్ సంస్థ అభివృద్ధి చేసిన డిస్కు బ్రేకును జాగ్వార్ సంస్థ తన సి-టైపు పందెపు కారుకు అమర్చింది. 1952లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ ఆ బ్రేకులతో గెలుపొందాడు. 1953లో ల మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైపు కారు విజయం సాధించింది. ఆ పందెం చరిత్రలో సగటు వేగం గంటకు వంద మైళ్ళు దాటడం అదే మొదటిసారి. ప్రత్యర్థులు మలుపుకు చాలా ముందే బ్రేకు వేయవలసి వస్తుండగా, జాగ్వార్ డ్రైవర్లు చివరి క్షణం వరకు ఆగి, గంటల తరబడి అదే విధంగా నడపగలిగారు. జాగ్వార్ కర్మాగారం ఉన్న కోవెంట్రీ, లాంచెస్టర్ కంపెనీ చివరికి చేరిన నగరమే.

1955లో సిట్రోయెన్ డి.ఎస్., 1956లో ట్రయంఫ్ టి.ఆర్.3 కార్లు డిస్కు బ్రేకులతో వెలువడినవి. తరువాతి రెండు దశాబ్దాలలో ముందు చక్రాలకు డిస్కులు సామాన్యమయ్యాయి.

ఇతర మోడళ్ళ క్యాలిపర్లు

డిస్కు బ్రేకు వ్యాపించిన తరువాత లాంచెస్టర్ రెండు ఆలోచనలు ఒకచోట కలిశాయి. పాత కారు బ్రేకులు చాలనప్పుడు, మరొక మోడలు నుండి పెద్ద క్యాలిపర్లు తెచ్చి బిగించడం ఔత్సాహికులలో ఒక సంప్రదాయంగా స్థిరపడింది. దీనికి చక్కని ఉదాహరణ లాంచెస్టర్ నగరమైన బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నది. అక్కడి లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో తయారైన మినీ కారు 1959లో నాలుగు చక్రాలకూ డోలు బ్రేకులతో వచ్చింది. 1961 నాటి మినీ కూపర్‌కు ఏడు అంగుళాల ముందు డిస్కులు, 1963 నాటి కూపర్ ఎస్‌కు ఏడున్నర అంగుళాలవి అమర్చారు. 1980లో అదే కర్మాగారం నుండి వెలువడిన మెట్రో కారుకు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు, 8.4 అంగుళాల డిస్కులు ఉండేవి. ఆ క్యాలిపర్లు కూపర్ ఎస్ హబ్‌కు బోల్టులతో సరిగా పట్టడంతో మినీ యజమానులు పాత మెట్రోల నుండి వాటిని సేకరించసాగారు. 8.4 అంగుళాల డిస్కుకు పన్నెండు అంగుళాల చక్రం కావాలి. పది అంగుళాల చక్రాన్నే ఉంచుకోదలచినవారు డిస్కును లేతు యంత్రంపై 7.9 అంగుళాలకు తగ్గించి వాడతారు. ఇదే విధంగా జపాను కారు డాట్సన్ 240జెడ్‌కు టొయోటా హైలక్స్ ట్రక్కు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లను అమర్చడం ప్రసిద్ధం. రెండు వేర్వేరు కంపెనీల భాగాలు ఒకదానికొకటి పట్టడం యాదృచ్ఛికమే అయినా, డిస్కు వెనుక ఉండే రేకును కొంత కత్తిరించడంతో పని జరుగుతుంది.

బోల్టులు పట్టినంత మాత్రాన బ్రేకు మెరుగుపడినట్లు కాదు. క్యాలిపర్‌లోని పిస్టన్ల వైశాల్యం పెరిగితే వాటిని కదపడానికి ఎక్కువ నూనె కావాలి. మాస్టర్ సిలిండర్ పాతదే అయితే పెడలు లోతుకు దిగుతుంది. సిలిండరును కూడా పెద్దదానిగా మార్చితే పెడలు గట్టిపడి, కాలి బలం ఎక్కువ కావలసివస్తుంది. 1902లో డిస్కు బ్రేకుకు ఎదురైన సమస్యే ఇక్కడ మరొక రూపంలో కనబడుతుంది. ముందు బ్రేకులు మాత్రమే మితిమీరి బలపడితే, వెనుక చక్రాలు తమ వంతు పని చేయకముందే ముందు చక్రాలు బిగుసుకుపోయి కారు స్టీరింగుకు లొంగదు. వెనుక బ్రేకులను పెంచితే అంతకంటె ప్రమాదం. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిరుక్కున తిరిగిపోతుంది. ముందు, వెనుకల నిష్పత్తిని కారు తయారీదారు దాని బరువును బట్టి నిర్ణయించి ఉంటాడు.

ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారయితే గాలి తీసే మర అడుగుకు పోతుంది. గాలి ఎల్లప్పుడూ పైనే చేరుతుంది కనుక ఎంతసేపు పెడలు తొక్కినా గాలి బయటికి రాదు. బ్రేకు స్పాంజివలె మెత్తగా ఉండిపోతుంది. కొత్తగా ఈ పని చేసేవారు తరచుగా చేసే పొరపాటు ఇది. చక్రం లోపలి అంచుకు, క్యాలిపర్‌కు మధ్య ఎడమును చక్రం బిగించే ముందే కొలిచి చూసుకోవడం, చివరిగా కారును ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పరీక్షించడం తప్పనిసరి. ఆ వాహనానికి బీమా ఉన్నట్లయితే మార్పును బీమా సంస్థకు తెలపడం కూడా అవసరము.

స్మారకాలు

కోవెంట్రీలో 1970లో ఏర్పడిన లాంచెస్టర్ పాలిటెక్నిక్‌కు ఈయన పేరే పెట్టారు. 1987లో అది కోవెంట్రీ పాలిటెక్నిక్‌గా, 1992లో కోవెంట్రీ విశ్వవిద్యాలయంగా మారింది. పేరు అక్కడి గ్రంథాలయానికి మిగిలింది. అమెరికాలోని కార్యకలాప పరిశోధకుల సంఘం 1950ల నుండి లాంచెస్టర్ బహుమతి ప్రదానం చేస్తున్నది. బర్మింగ్‌హామ్‌లో తొలి కారు తయారైన ప్రాంతం సమీపంలో, నెచెల్స్‌లోని బ్లూమ్స్‌బరీ వద్ద ఆ కారు రూపంలో ఒక లోహశిల్పాన్ని 1995లో నెలకొల్పారు.